ఎక్స్‌ఎఫ్6బి-1 ఒక్కటితోనే ఎందుకు ఆగిపోయింది? నేరమంతా బరువు మీద వేయకండి

మీరు అడిగింది ఇది: ఎఫ్4బి లాంటి గొప్ప అమెరికా నేవీ ఫైటర్ కట్టిన బోయింగ్, ఆ వెంటనే తెచ్చిన ఎక్స్‌ఎఫ్6బి-1 విషయంలో ఒక్క ప్రోటోటైప్ (పరీక్ష కోసం కట్టే తొలి నమూనా) దగ్గరే ఎందుకు ఆగిపోయింది? ఎక్కడ చదివినా "బరువు ఎక్కువైంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు, అది నిజమేనా? చక్రాలు లోపలికి ముడుచుకునేలా చేసి ఉంటే ఆ విమానం బతికేదా?

బరువు ఎక్కువన్న మాట నిజమే. కానీ అది సగం జవాబు. దాని తర్వాత ఎనిమిది తొమ్మిది నెలలకే వచ్చి, నేవీ మెప్పు పొంది, 1940 దాకా సర్వీసులో ఉన్న గ్రమ్మన్ కంపెనీ ఎఫ్2ఎఫ్ బరువు కూడా దాదాపు అంతే. ఇంజన్ అదే కుటుంబానిది. రెక్కల పొడవు కూడా అంతే. అదీ ఒకదాని మీద ఒకటిగా రెండు రెక్కలుండే బైప్లేనే. మరి ఒకటి నెగ్గి, ఇంకొకటి ఎందుకు ఓడింది? అసలు అడగాల్సిన ప్రశ్న ఇదని నా నమ్మకం. విమాన నిర్మాణ రంగంలో చాలాకాలం పనిచేశాను, కొత్తగా చేరిన కుర్రాళ్ళకు ఈ రెండు విమానాల లెక్కనే ఇచ్చి చేయమనేవాణ్ణి. ఆ లెక్కే ఇక్కడ మీకూ చూపిస్తాను.

ముందు నేపథ్యం. బోయింగ్ 1928లో సొంత ఖర్చుతో మోడల్ 83, మోడల్ 89 అని రెండు చిన్న ఫైటర్లు కట్టింది. వాటి నుంచే నేవీ కోసం ఎఫ్4బి, ఆర్మీ కోసం పి-12 వచ్చాయి. రెండూ కలిపి 586 తయారయ్యాయి. మహా మాంద్యం రోజుల్లో ఒక ఫైటర్ అన్ని అమ్ముడుపోవడమంటే మాటలు కాదు. 1932లో వచ్చిన ఎఫ్4బి-4 ఆ వరసలో చివరిది, అన్నిటికంటే మేలైనది. 550 హార్స్‌పవర్ ఇంజన్, గంటకు సుమారు 303 కిలోమీటర్ల వేగం, బొంగరంలా తిరిగే చురుకుదనం. పైలట్లు దాన్ని చాలా ఇష్టపడ్డారు. ఆ ఇష్టం ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన విషయం, ఎందుకంటే తర్వాత వచ్చిన విమానాన్ని వాళ్ళు కొలిచింది దీనితోనే.

నేవీ 1931 జూన్ 30న బోయింగ్‌కు ఇంకో ప్రోటోటైప్ ఆర్డర్ ఇచ్చింది. కంపెనీ లెక్కలో అది మోడల్ 236, నేవీ పెట్టిన పేరు ఎక్స్‌ఎఫ్6బి-1. ఎఫ్4బి నిర్మాణ పద్ధతినే ముందుకు తీసుకెళ్ళారు. రెక్కల మీద గుడ్డ తప్ప మిగతాదంతా లోహమే. ఇంజన్ మాత్రం కొత్తది: ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1535 ట్విన్ వాస్ప్ జూనియర్, రెండు వరసల్లో 14 సిలిండర్లు, 625 హార్స్‌పవర్. విమానం తొలిసారి ఎగిరింది 1933 ఫిబ్రవరి 1న. బోయింగ్ రూపొందించిన చివరి బైప్లేన్ అదే.

ఇక బరువు మాటకొద్దాం. ఎక్స్‌ఎఫ్6బి-1 మొత్తం బరువు సుమారు 1,680 కిలోలు. ఎఫ్4బి-4 కంటే పావు టన్నుకు పైగా ఎక్కువ. ఈ అదనపు బరువు అజాగ్రత్త వల్ల వచ్చింది కాదు, కావాలని పెట్టింది. అదెందుకో తెలియాలంటే 1926కి వెళ్ళాలి.

ఆ ఏడాది అక్టోబర్ 22న కాలిఫోర్నియాలోని శాన్ పెడ్రో దగ్గర సముద్రంలో అమెరికా పసిఫిక్ నౌకాదళం కదులుతోంది. నేవీ ఫైటర్ స్క్వాడ్రన్ ఒకటి కర్టిస్ ఎఫ్6సి ఫైటర్లతో 12,000 అడుగుల ఎత్తు నుంచి దాదాపు నిట్టనిలువుగా ఆ నౌకల మీదికి దూకింది. అది అభ్యాసం మాత్రమే. దాడి ఏ టైముకి జరుగుతుందో నౌకల్లోవాళ్ళకు ముందే చెప్పి ఉంచారు. అయినా విమానాలు నెత్తి మీదికి వచ్చేదాకా వాళ్ళు పసిగట్టలేకపోయారు. ఆ రోజు నుంచి డైవ్ బాంబింగ్ అంటే నేవీకి గట్టి నమ్మకం కుదిరింది. ఫైటర్ అన్నాక శత్రు విమానంతో తలపడటంతో పాటు బాంబు పట్టుకుని దూకగలగాలి అన్న ఆలోచన అక్కడి నుంచే బలపడింది.

ఇప్పుడు ఒక స్ట్రక్చర్ ఇంజనీరు బల్ల దగ్గర కూర్చుని చూడండి. విమానం నిట్టనిలువుగా దూకి, బాంబు వదిలి, మళ్ళీ పైకి లేవాలి. లేచే ఆ కొద్ది సెకన్లలో విమానంలోని ప్రతి కిలో అయిదారు కిలోలుగానో, అంతకంటే ఎక్కువగానో లాగుతుంది. 1,400 కిలోల విమానాన్ని ఆ క్షణంలో రెక్కలు ఎనిమిది, పది టన్నులుగా మోయాలి. కాబట్టి రెక్కల్లోని దూలాలు లావు చేస్తారు. దూలం లావైతే అది బిగించే ఫిట్టింగులు లావవుతాయి. బరువు పెరిగింది కాబట్టి విమానవాహక నౌక డెక్ మీద నెమ్మదిగా దిగడానికి రెక్కల వైశాల్యం పెంచాలి. ఎఫ్4బి-4కి రెక్కల వైశాల్యం సుమారు 21 చదరపు మీటర్లు, ఎక్స్‌ఎఫ్6బి-1కి 23.4. వైశాల్యం పెరిగితే రెక్క బరువూ పెరుగుతుంది, గాలి నిరోధమూ పెరుగుతుంది. అలా ఒకదాని వెంట ఒకటి. ఎక్స్‌ఎఫ్6బి-1ని ఎక్కువ జి-భారం (పైన చెప్పిన ఆ లాగుడు) తట్టుకునేలా కట్టారని అన్ని కథనాల్లోనూ చదువుతాం, ఆ తట్టుకునే శక్తి ఖరీదే ఈ పావు టన్ను.

ఇక్కడిదాకా మీరు చదివిన కథనాలతో నాకు పేచీ లేదు. ఆ తర్వాతే వాళ్ళు ఆగిపోతారు.

గ్రమ్మన్ ఎక్స్‌ఎఫ్2ఎఫ్-1 తొలిసారి ఎగిరింది అదే ఏడాది 1933 అక్టోబర్ 18న. అందులోనూ అదే ఆర్-1535, అదే 625 హార్స్‌పవర్. దాని నుంచి వచ్చిన సర్వీసు విమానం ఎఫ్2ఎఫ్-1 మొత్తం బరువు 1,745 కిలోలు. అంటే "బరువెక్కువై ఓడిపోయింది" అంటున్న బోయింగ్ కంటే 65 కిలోలు ఎక్కువే! రెక్కల పొడవు రెండిటికీ 28 అడుగుల 6 అంగుళాలు. రెక్కల వైశాల్యం గ్రమ్మన్‌కి 21.4 చదరపు మీటర్లే, కాబట్టి ఒక్కో చదరపు మీటరు మోసే బరువు గ్రమ్మన్‌లో దాదాపు 81 కిలోలు, బోయింగ్‌లో 72. బరువొక్కటే శాపమైతే ముందు పడిపోవాల్సింది గ్రమ్మన్.

కానీ వేగం చూడండి. ఎక్స్‌ఎఫ్6బి-1 గరిష్ఠ వేగం గంటకు సుమారు 314 కిలోమీటర్లు. ఎక్స్‌ఎఫ్2ఎఫ్-1ది సుమారు 369. ఒకే ఇంజన్, ఒకే శక్తి, తేడా 55 కిలోమీటర్లు.

ఈ 55 ఎంత పెద్ద తేడానో మామూలుగా చూస్తే అర్థం కాదు. ఎదురుగాలిలో సైకిల్ తొక్కినవాళ్ళకు తెలుసు, వేగం కాస్త పెంచాలన్నా కాళ్ళు ఎంతలా పట్టేస్తాయో. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. దాన్ని ఆ వేగంతో నెట్టుకుపోవడానికి కావాల్సిన శక్తి వేగం ఘనంతో, అంటే క్యూబ్‌తో పెరుగుతుంది. 369ని 314తో భాగిస్తే 1.175. దాని ఘనం 1.62. అంటే, శక్తి సమానం అనుకుంటే, బోయింగ్ శరీరం గాలికి ఇచ్చే అడ్డు గ్రమ్మన్ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. ఈ వేగాలు కొలిచిన ఎత్తులు వేరు, ప్రొపెల్లర్లలో తేడా ఉంటుంది, కాబట్టి దశాంశాలు పట్టుకుని వేలాడక్కర్లేదు. ఒకటిన్నర అన్నది మాత్రం మిగులుతుంది.

ఇదే లెక్క ఇప్పుడు బోయింగ్ సొంత పాత విమానంతో చేయండి. నాకు ఎప్పుడూ బాధ కలిగించేది ఈ రెండో లెక్కే. ఎఫ్4బి-4 వేగం 303, శక్తి 550. ఎక్స్‌ఎఫ్6బి-1 వేగం 314, శక్తి 625. శక్తి పెరిగింది 13 లేదా 14 శాతం. వేగాల నిష్పత్తి ఘనం చూస్తే 11 లేదా 12 శాతం. రెండూ దాదాపు సమానం. అంటే కొత్త విమానం గాలికి ఇచ్చే అడ్డు పాతదాని కంటే అణువంత కూడా తగ్గలేదు, పెరిగిన వేగమంతా ఇంజన్ పుణ్యమే. పైగా కొత్త ఇంజన్ ముఖం చిన్నది. ఎఫ్4బి-4లోని ఆర్-1340 అడ్డకొలత సుమారు 131 సెంటీమీటర్లు, ఆర్-1535ది 112. సిలిండర్లను రెండు వరసల్లో పెట్టడంలో ఉన్న లాభమే అది. ఇంజన్ తయారు చేసినవాళ్ళు ముందుభాగం వైశాల్యంలో పాతికశాతం పైగా తగ్గించి ఇచ్చారు. విమానం కట్టినవాళ్ళు ఆ లాభాన్ని పెద్ద రెక్కల్లో, బయటే వేలాడే చక్రాల్లో, రెక్కలను పట్టి ఉంచే కడ్డీల్లో (స్ట్రట్‌లలో) పోగొట్టుకున్నారు.

కాబట్టి నేను చెప్పేది ఇది: ఎక్స్‌ఎఫ్6బి-1 ఓడిపోయింది బరువు పెరిగినందుకు కాదు, పెరిగిన బరువుకు బదులుగా వేగం తేలేకపోయినందుకు. గ్రమ్మన్ కూడా బరువు పెంచింది. చక్రాలు ముడిచే సరంజామా బరువే, మూసుకునే కాక్‌పిట్ బరువే, లావుపాటి పొట్ట బరువే. కానీ ఆ ప్రతి కిలోకీ వేగం రూపంలో లాభం వచ్చింది.

అయితే టెస్ట్ పైలట్లు బరువు గురించే ఎందుకు ఫిర్యాదు చేశారు? ఇక్కడ తేదీలు చూడాలి. బోయింగ్ ఎగిరిన 1933 ఫిబ్రవరికి ఎఫ్2ఎఫ్ లేదు. వాళ్ళ చేతికి అలవాటైనది ఎఫ్4బి-4. అంత తేలికైన, చెప్పినట్టు వినే విమానంలోంచి దిగి ఇందులో కూర్చుంటే, వేగంలో పది పన్నెండు కిలోమీటర్ల తేడా కూడా తెలియదు, చేతికి తెలిసేది బరువే. వాళ్ళ తీర్పు తప్పు కాదు. ఫైటర్‌గా ఎఫ్4బి-4 చేయగలిగింది ఇది చేయలేదు, అదనంగా ఇచ్చేది కూడా పెద్దగా లేదు. అదే పైలట్లు తర్వాత అంతకంటే బరువైన ఎఫ్2ఎఫ్‌ని ఒప్పుకున్నారంటే, అది వాళ్ళకు ముందెన్నడూ లేని వేగాన్ని ఇచ్చింది కాబట్టి.

ఎఫ్2ఎఫ్‌లో లోపాలు లేవని కాదు. పొట్టిగా, పీపాలా ఉన్న శరీరం వల్ల దానికి దిశ స్థిరత్వం తక్కువ, అదుపు తప్పి గింగిరాలు తిరుగుతూ కిందికి జారే స్పిన్‌లోకి పడిపోయే గుణం ఉంది. అందుకే తర్వాత పొడవు పెంచి ఎఫ్3ఎఫ్ చేశారు. ఆ ఎఫ్3ఎఫ్ మొదటి ప్రోటోటైప్ 1935 మార్చిలో, ఎగరడం మొదలుపెట్టిన రెండు రోజులకే, డైవ్ పరీక్షలో ముక్కలైపోయి పైలట్ జిమ్మీ కాలిన్స్ ప్రాణాలు తీసింది. బోయింగ్ తన విమానాన్ని అంత గట్టిగా ఎందుకు కట్టిందో ఈ ఒక్క సంఘటన చాలు అర్థం కావడానికి. ఆ రోజుల్లో డైవ్ పరీక్ష అంటే మనిషిని లోపల కూర్చోబెట్టి, విమానం ఇక ఎంత మాత్రమూ వేగం పెంచుకోలేని దశ దాకా నిలువుగా దూకించి, ఒక్కసారిగా లేపడం. కాబట్టి బోయింగ్ ఇంజనీర్లు పనికిమాలిన బరువు మోశారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంకో విషయం చాలా కథనాల్లో వక్రంగా వస్తుంది. 1934 మార్చిలో ఈ విమానం పేరును ఎక్స్‌బిఎఫ్‌బి-1గా మార్చారు, అంటే బాంబర్ ఫైటర్ వర్గంలోకి. దీన్ని కొందరు "ఫైటర్‌గా పనికిరాదని దిగజార్చారు" అని రాస్తారు. కానీ అప్పుడు నేవీ ఒక కొత్త వర్గాన్నే పెట్టింది. స్క్వాడ్రన్‌లో చక్కగా పనిచేస్తున్న కర్టిస్ ఎఫ్11సి-2 కూడా అదే సమయంలో బిఎఫ్‌సి-2 అయింది. పేరు మార్పు శిక్ష కాదు. బాంబు మోసే ఫైటర్లన్నిటినీ ఒక గూటికి చేర్చడం.

అసలు దెబ్బ ఆ గూటి మీదే పడింది. 1934 వచ్చేసరికి నేవీకి రెండు వైపులా మేలైన సరుకు దొరికింది. ఫైటర్ కావాలంటే ఎఫ్2ఎఫ్ ఉంది, ఆ మే నెలలోనే 54 విమానాలకు ఆర్డర్ ఇచ్చారు. బాంబు వేయాలంటే గ్రేట్ లేక్స్ బిజి-1 లాంటి ఇద్దరు కూర్చునే డైవ్ బాంబర్లు వస్తున్నాయి, అవి 1,000 పౌండ్ల బాంబు మోస్తాయి. ఒంటరి పైలట్‌తో, చిన్న బాంబుతో, మామూలు వేగంతో వెళ్ళే విమానానికి ఏ స్క్వాడ్రన్‌లో చోటుంటుంది? రెంటికీ చెడ్డ రేవడి అంటారే, సరిగ్గా అలా అయింది. బోయింగ్ చూస్తూ ఊరుకోలేదు. మూడు రెక్కల ప్రొపెల్లర్ పెట్టి చూసింది, చక్రాల కాళ్ళను గాలికి ఒదిగేలా మలిచి చూసింది. వేగం అనుకున్నంత పెరగలేదు. నేవీ ఆర్డర్ ఇవ్వలేదు. ఆ ఏకైక విమానాన్ని ప్రయోగాలకు వాడుతుండగా 1936లో క్రాష్ బారియర్‌ని ఢీకొంది. నౌక మీద దిగేటప్పుడు విమానం తోక కింది హుక్, ఆపడానికి డెక్ మీద కట్టిన తీగను అందుకోకపోతే విమానం ముందుకు దూసుకెళ్ళి అక్కడ నిలిపి ఉంచిన మిగతా విమానాల మీద పడకుండా డెక్‌కు అడ్డంగా కట్టే ఇనుప తీగల కంచె అది.

ఇక చక్రాల ప్రశ్న. "ముడుచుకునే చక్రాలు పెట్టి ఉంటే?" అని అడగడం సులువు, పెట్టడం కాదు. చక్రం ముడవాలంటే అది కూర్చోడానికి చోటు కావాలి. ఎఫ్4బి వంశం విమానాల ఒళ్ళు సన్నం. బైప్లేన్ రెక్క అయితే మరీ పలచన, అందులో చక్రం పట్టే ప్రసక్తే లేదు. గ్రమ్మన్ దారి వేరు. ఆ కంపెనీ 1930లో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో మొదలైంది. నేవీకి మొదట అమ్మింది విమానం కాదు, నీటి మీద దిగే విమానాలకు తగిలించే ఫ్లోట్. ఆ ఫ్లోట్‌లోకి ముడుచుకునే చక్రాలు పెట్టారు. అది చూసి ముచ్చటపడిన నేవీ, తన దగ్గరున్న ఫైటర్లకు ఇలాంటివి పెట్టగలరా అని అడిగింది. పాతదానికి అతికించడం కన్నా కొత్త విమానమే కడతామని లెరాయ్ గ్రమ్మన్ బృందం జవాబిచ్చింది. చక్రాలకు చోటిచ్చే విధంగానే ముందు శరీరాన్ని గీశారు. ఇంజన్ వెనుక ఒంటికి ఇరువైపులా గుంతలు, వాటిలోకి చక్రాలు నిలువుగా వచ్చి కూర్చుంటాయి. పైలట్ కుడి చేత్తో పిడి తిప్పుతుంటే గొలుసులు ఆ కాళ్ళను పైకి లాగుతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన వైల్డ్‌క్యాట్ దాకా గ్రమ్మన్ ఇదే పద్ధతి కొనసాగించింది.

అలా పుట్టిన తొలి విమానం ఎక్స్‌ఎఫ్ఎఫ్-1. దానికి 1931 ఏప్రిల్‌లో కాంట్రాక్ట్ ఇచ్చారు, అదే డిసెంబర్ చివర్లో అది ఎగిరింది. ఇద్దరు కూర్చునే విమానం. అయినా మొదటి ఇంజన్‌తోనే గంటకు 314 కిలోమీటర్లు అందుకుంది. ఈ అంకె మళ్ళీ చూడండి. ఏడాది పైన తర్వాత ఎగిరిన బోయింగ్ ఒంటరి సీటు ఫైటర్ అందుకున్నదీ అంతే. అంటే ఎక్స్‌ఎఫ్6బి-1 నేల విడిచే నాటికే, ఇద్దర్ని మోసే గ్రమ్మన్ దానితో సమానంగా ఎగురుతోంది. ఆలస్యం కూడా దాన్ని దెబ్బతీసింది. ఆర్డర్ నుంచి తొలి ప్రయాణానికి గ్రమ్మన్‌కి తొమ్మిది నెలలు పట్టలేదు, బోయింగ్‌కి 19 నెలలు పట్టింది. ఆ రోజుల్లో ఏడాది అంటే ఒక తరం.

మరి పాత శరీరానికి చక్రాలు ముడిచే ఏర్పాటు చేసినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. మీ ప్రశ్నకు ప్రయోగాత్మకమైన జవాబు అక్కడే దొరుకుతుంది. కర్టిస్ తన ఎఫ్11సిని తీసుకుని, పొట్ట కింది భాగాన్ని లావు చేసి, అందులో చక్రాలు ముడిచింది. అది బిఎఫ్2సి-1గా 27 విమానాలు నేవీకి చేరాయి. వేగం పెరిగింది. కానీ పాత చెక్క దూలాల బదులు రెక్కల్లో లోహపు ఫ్రేమ్ వాడారు, ఆ రెక్కల సహజ కంపనం మామూలుగా ప్రయాణించే క్రూజ్ వేగంలో ఇంజన్ కంపనంతో కలిసిపోయింది. అనునాదం, అదే రెజొనెన్స్. విమానాన్ని చీల్చేంత ప్రమాదకరం. స్క్వాడ్రన్‌కి వచ్చిన ఏడాదికే వాటిని పక్కన పెట్టేశారు. విదేశాలకు అమ్మిన అదే విమానంలో మళ్ళీ చెక్క రెక్కలు పెడితే ఆ జబ్బు రాలేదు. ఒకటి మారిస్తే ఇంకోటి ఎక్కడ కదులుతుందో చెప్పలేం, విమాన నిర్మాణంలో నన్ను ఎప్పుడూ భయపెట్టేది ఇదే. బోయింగ్ కూడా ఎక్స్‌ఎఫ్6బి-1 పొట్ట కోసి చక్రాలు దోపి ఉంటే వేగంలో గ్రమ్మన్‌తో ఉన్న తేడా కొంత తగ్గేది. అప్పటికే ఖాళీ విమానం బరువు 1,280 కిలోలు, గ్రమ్మన్‌ది 1,221. దాని మీద ఇంకా పెంచాల్సి వచ్చేది. డెక్ మీద దిగే వేగం పెరిగేది. నా అంచనాలో అది ఎఫ్2ఎఫ్‌ని అందుకునేది కాదు.

బోయింగ్‌కి చక్రాలు ముడవడం రాదనుకునేరు. 1930లోనే వాళ్ళ మోనోమెయిల్ చక్రాలు రెక్కలోకి ముడుచుకునేవి. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచేది ఈ తేదీ: ఎక్స్‌ఎఫ్6బి-1 ఎగిరిన సరిగ్గా వారానికి, 1933 ఫిబ్రవరి 8న, అదే కంపెనీ నుంచి మోడల్ 247 ప్రయాణికుల విమానం ఎగిరింది. ఒంటి రెక్క, పూర్తి లోహం, బయట ఒక్క స్ట్రట్ గానీ తీగ గానీ లేవు, చక్రాలు ముడుచుకుంటాయి. మెరుగుపరిచాక దాని 247డి రూపం గంటకు 200 మైళ్ళు, అంటే 320 కిలోమీటర్ల పైన అందుకుంది. పదిమంది ప్రయాణికుల్ని మోసే విమానం, నేవీకి అదే కంపెనీ ఇచ్చిన ఫైటర్ కంటే వేగంగా పోయిందన్నమాట. ఒకే ఇంట్లో ఒక గదిలో భవిష్యత్తు, ఇంకో గదిలో గతం తయారయ్యాయి. ఎఫ్4బి అంత బాగా అమ్ముడుపోకపోయి ఉంటే, నేవీ డ్రాయింగ్ బల్ల దగ్గర కూడా కొత్తగా ఆలోచించేవాళ్ళేమో అని నాకు అనిపిస్తుంది. గెలిచిన డిజైన్‌ని వదులుకోవడం చాలా కష్టం. ఆ కష్టం నేను దగ్గర నుంచి చూశాను.

అయితే బోయింగ్ నేవీ కోసం ఒంటి రెక్క ఫైటర్, అంటే మోనోప్లేన్ కూడా ప్రయత్నించిందని చెప్పాలి. ఎక్స్‌ఎఫ్7బి-1, 1933 సెప్టెంబర్‌లో ఎగిరింది. ముడుచుకునే చక్రాలు, మూసిన కాక్‌పిట్, అన్నీ ఉన్నాయి. దిగే వేగం ఎక్కువని, పైలట్‌కి చూపు సరిగా ఆనదని నేవీ వద్దంది. నెమ్మదిగా దిగేందుకు రెక్క వెనక అంచున కిందికి వంగే ఫ్లాప్‌లు పెట్టి, కాక్‌పిట్ తెరిచి మార్చి చూశారు, చివరికి ఒక డైవ్‌లో దాని నిర్మాణం దెబ్బతిని తుక్కు అయింది. ఒక విమానం పాతదని వద్దన్నారు, ఇంకొకటి మరీ కొత్తదని వద్దన్నారు. బోయింగ్ ఆ తర్వాత దాదాపు పదేళ్ళు నేవీ ఫైటర్ల జోలికి వెళ్ళలేదు, 1944లో ఎక్స్‌ఎఫ్8బి-1 దాకా.

ఈ రెండో తిరస్కారంలో నేవీ భయం అర్థం చేసుకోదగిందే. డెక్ మీద దిగడమంటే రన్‌వే మీద దిగడం కాదు. నౌక గాలికి ఎదురుగా పరిగెడుతుంది, విమానం నెమ్మదిగా వస్తే హుక్‌కి తీగ పట్టే లోపల పైలట్ సరిదిద్దుకోవడానికి ఒకటి రెండు సెకన్లు దొరుకుతాయి. ఆ సెకన్ల కోసమే నేవీ బైప్లేన్లను అంతకాలం పట్టుకుని ఉంది. రెండు రెక్కలుంటే తక్కువ పొడవులో ఎక్కువ వైశాల్యం వస్తుంది, నెమ్మదిగా దిగొచ్చు, విమానాలను డెక్ కిందికీ పైకీ చేర్చే నౌక లిఫ్ట్‌లో ఇముడుతుంది, డెక్ మీద ఎక్కువ విమానాలు నిలపొచ్చు. కాబట్టి "మోనోప్లేన్ వచ్చి ఎక్స్‌ఎఫ్6బి-1ని చంపేసింది" అన్న మాట కూడా సరికాదు. దాన్ని ఓడించింది ఇంకో బైప్లేనే. ఆ బైప్లేన్ తమ్ముడు ఎఫ్3ఎఫ్ 1941 దాకా అమెరికా నౌకల మీద ఉంది. గ్రమ్మన్ తన తర్వాతి ఫైటర్‌ని కూడా మొదట బైప్లేన్‌గానే ప్రతిపాదించింది, ఎక్స్‌ఎఫ్4ఎఫ్-1 అని. అది కాగితం మీదే ఆగిపోయి, మోనోప్లేన్ ఎక్స్‌ఎఫ్4ఎఫ్-2గా మారి 1937 సెప్టెంబర్‌లో ఎగిరింది. అదే వైల్డ్‌క్యాట్.

ఎక్స్‌ఎఫ్6బి-1 ఒంటరి కేసు కూడా కాదు. బెర్లైనర్-జాయిస్ కంపెనీ తెచ్చిన ఎక్స్‌ఎఫ్3జె-1 కూడా స్థిర చక్రాల బైప్లేనే, 1934లో ఎగిరింది, గంటకు సుమారు 336 కిలోమీటర్లు. బోయింగ్ కంటే వేగంగానే పోయింది, అయినా అప్పటికి నేవీ కళ్ళు ముడుచుకునే చక్రాల మీద ఉన్నాయి, తీసుకోలేదు. ఆ కంపెనీకి అదే చివరి విమానం.

మీకు ఇంకా ఆసక్తి ఉంటే ఒక పని చేయండి. అమెరికాలోని స్మిత్‌సోనియన్ విమాన మ్యూజియం సేకరణలో ఎఫ్4బి-4 ఉంది, ఫ్లోరిడాలోని పెన్సకోలా నేవీ మ్యూజియంలో ఎఫ్3ఎఫ్ ఉంది. రెండిటి ఫోటోలు పక్కపక్కన పెట్టి, ఇంజన్ వెనకాల, కింది రెక్కకు ముందు ఉన్న భాగాన్ని మాత్రమే చూడండి. ఎఫ్3ఎఫ్‌లో ఆ చోట చక్రం ఎక్కడ కూర్చుంటుందో కనిపిస్తుంది. ఎఫ్4బి-4లో ఆ చక్రాన్ని ఎక్కడ పెట్టాలో మీరే పెన్సిల్‌తో గీసి చూడండి. ఆ తర్వాత ఎక్స్‌ఎఫ్6బి-1 ఫోటోలు తీయండి, అది ఆ రెండిటిలో ఎవరి బిడ్డో వెంటనే తెలిసిపోతుంది.